కామమ్మ తవ్విన గుంట

మైపాడు పక్కనున్న జాలరి పాళెంలో కామమ్మ ఎండబెట్టిన చేపకు బజారులో గిరాకీ ఎక్కువ. పంటి కింద ఇసుక పలుకు తగలదు. మిగతావాళ్ళు చేపను ఒడ్డున ఇసుక మీదే పరిచేస్తారు. ఆమె కర్రలు పాతి, వాటికి పాత వల బిగించి, దాని మీద ఆరబెడుతుంది. ఇంత చాకిరీ ఎందుకని ఎవరైనా అడిగితే ఒకటే చెబుతుంది: "ఎండాకాలం ఇసక మీద ఏస్తే అడుగు ఉడుకుద్ది మే. ఉడికిన చేప నిలవుండదు."

చేప విషయంలో ఇంత జాగ్రత్త ఉన్న మనిషి తన చేతులతోనే మొగుడి కాళ్ళను ఆ ఇసుకలో కప్పెట్టింది. ఆ తర్వాత ఆమెకు ఒకటే ధ్యాస పట్టుకుంది. ఆ పని చేయించినవాడి చేత కూడా బూట్లు విప్పించి, అదే ఇసుకలో, అదే ఎండలో కాళ్ళు పెట్టించాలి. నలుగురూ చూస్తుండగా పెట్టించాలి.

మొగుడు పెంచలయ్యకు షుగరు వచ్చి చాలా కాలమైంది. మాత్రలు మింగుతూ వేటకు పోతూనే ఉన్నాడు. రానురాను అరికాళ్ళు మొద్దుబారాయి. పడవలో ముల్లు గుచ్చుకుని రక్తం కారుతుంటే పక్కవాడు చూసి చెబితేగానీ తెలిసేది కాదు. "నా కాళ్ళు నా మాట ఇనడం మానేసినాయి, నీ మాదిరి" అని పెళ్ళాంతో ఎగతాళి చేసేవాడు.

నిరుడు ఎండాకాలం, వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ పొద్దు పుచ్చుతున్నారు. అప్పుడు కామమ్మ అన్న కొడుకు ముఖేష్ తన ఆటోలో ఒక మనిషిని తెచ్చాడు. పేరు మధుబాబు. నెల్లూరులో సెల్‌ఫోన్ల కొట్టు నడిపి, అది సాగక మూసేసి, 'కడలి వైద్యం' అని ఫోన్లో ఒక చానెల్ పెట్టాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, గడ్డం, మెత్తటి మాట. సముద్రపు ఇసుకలో కాళ్ళు కప్పెట్టుకుంటే షుగరు తిమ్మిరి పోతుందని, అది తన మీదే చేసి చూసుకున్నానని చెప్పాడు.

పాళెం అతన్ని నమ్మడానికి కారణం ఉంది. జెల్ల చేప ముల్లు గాని, టేకు చేప ముల్లు గాని గుచ్చుకుంటే ఆ సలుపుకు ఎంత మొండివాడైనా ఏడుస్తాడు. పడవ ఒడ్డుకు తగలగానే ఆ కాలిని వేడి ఇసుకలో పెడతారు. కాసేపటికి నొప్పి దిగుతుంది. ఇది తాతల నాటి నుంచి వాళ్ళు చేస్తున్నదే, అనుభవంలో ఉన్నదే. మధుబాబు సరిగ్గా దాన్ని పట్టుకున్నాడు. "ముల్లు విషాన్ని లాగే ఇసుక, షుగరు విషాన్ని లాగదా?" అన్నాడు. అందరూ తలలు ఊపారు. ముల్లు గుచ్చుకున్న కాలికి వేడి తెలుస్తుంది, మరీ కాలితే మనిషి లాక్కుంటాడు. మొద్దుబారిన కాలు లాక్కోదు. ఆ తేడా పాళేనికి తర్వాత తెలిసింది.

వీడియో కోసం పెంచలయ్యను ఒక పీట మీద కూర్చోబెట్టారు. ఎండ నడినెత్తిన ఉంది.

"అక్కా, మీరే కప్పండి. భార్య చేతి మీదుగా జరిగితే చూసేవాళ్ళకు నమ్మకం," అన్నాడు మధుబాబు. "లోపలి ఇసుక వద్దు, చెమ్మగా ఉంటది. పైది ఎత్తండి. సూర్యుడి శక్తంతా పైపొరలోనే."

కామమ్మ చేటతో ఎత్తి పోసింది. సర్దబోతే అరచేతులు చుర్రుమన్నాయి. ఊదుకుంది.

"చెయ్యి కాలతా ఉండాది అబ్బయా."

"కాలాలక్కా. కాలకపోతే లాగదు." ముఖేష్ పట్టుకున్న ఫోను పెంచలయ్య ముఖం మీదికి తిప్పించాడు. "ఎలా ఉంది పెద్దాయనా?"

పెంచలయ్య ముందే చెప్పమన్న మాట చెప్పాడు. "ఎచ్చగా ఉండాది. నరాలు లేస్తున్నట్టుండాది."

చాలాసేపు ఉంచారు. తర్వాత కాళ్ళు బయటికి తీయించి, ఒడ్డున నాలుగు బారలు నడిపించి, అదీ వీడియో తీసుకున్నారు. నెలరోజులు మాత్రలు ఆపేయాలని, మందు ఒంట్లో ఉంటే ఇసుక పని చేయదని చెప్పి మధుబాబు వెళ్ళిపోయాడు.

సాయంత్రం కామమ్మ మొగుడి కాళ్ళు కడిగి తువ్వాలుతో తుడిచింది. ఎడమ అరికాలి తోలు తువ్వాలుతోపాటు ఊడి వచ్చింది. ఆమె కేక వేసింది. పెంచలయ్య టీ తాగుతూ, "ఏంది మే, పామా?" అని అడిగాడు.

పుండు మానలేదు. మాత్రలు ఆపినందువల్ల షుగరు పైకి పోయింది. పెద్దాసుపత్రిలో ఎంతో ప్రయత్నించి, చివరికి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. స్పర్శ తెలియని కాలికి ఏ రకం వేడీ పెట్టకూడదని, మాత్రలు ఎవరు చెప్పినా ఆపకూడదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. మంచం పక్కన కూర్చుని కామమ్మ మొగుణ్ణి ఒకటే అడిగింది.

"ఎచ్చగా ఉండాదన్నావే?"

"ఏమీ తెలీలా మే. ఆయన చెప్పమన్నాడు, చెప్పినా."

ఇంటికి వచ్చాక ఆమె ఏడుపు చూసిన వాళ్ళెవరూ లేరు. చేపలకు ఉప్పు పట్టించే చేతులు మాత్రం గట్టిపడ్డాయని కోడలు ఉష చెబుతుంది. రుద్దుతున్నప్పుడు చేప నలిగిపోయేదట.

మొదట్లో కామమ్మకు పగ తీర్చుకునే దారి తెలియలేదు. పోయి ఆ మధుబాబును నాలుగు మాటలు అని వద్దామనుకుంది. అంతలో నెల్లూరు బజారులో ఒక సంగతి జరిగింది. నెత్తళ్ళు కొనడానికి వచ్చిన ఒకావిడ ఆమెను ఎగాదిగా చూసి ఫోను తీసింది.

"ఈ వీడియోలో చేటతో ఇసక పోసేది నువ్వే గదా?"

కామమ్మ చూసింది. వెనక సంగీతం వస్తోంది. పెంచలయ్య రెండు కాళ్ళతో ఒడ్డున నడుస్తున్నాడు. నడిచి, నడిచి, మళ్ళీ మొదటి నుంచి నడుస్తున్నాడు.

"మా అత్తకు కూడా చేయిద్దామని. పెద్దాయన బాగుండాడా? పరిగెత్తతా ఉండాడంట గదా?"

"కాలు తీసేసినారు," అంది కామమ్మ. "ఆ ఇసక వల్లే తీసేసినారు. మీ అత్తను ఆ పక్కకు పోనీబాక."

ఆవిడ నవ్వింది. "ఊరుకో. చూస్తా ఉంటే నడస్తా ఉండాడే! ఆయన మీకేమీ ఇయ్యలేదని కడుపుమంటతో చెప్తుండావు."

"మా ఇంటికొచ్చి చూడు మే!"

"ఇక్కడ చూస్తుండానే," అని ఆవిడ ఫోను మూసి, నెత్తళ్ళు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

కామమ్మకు ఆ రోజు తెలిసింది. కళ్ళెదుట నిలబడి చెప్పే మనిషి మాట కన్నా ఫోనులో నడిచే బొమ్మ మాటే చెల్లుతుంది. మధుబాబును బజారులో పట్టుకుని తిట్టినా, చెంపలు వాయించినా పెంచలయ్య ఆ ఫోనులో నడుస్తూనే ఉంటాడు. ఏం చేసినా ఆ ఫోనులోనే చేయాలి. అతని చానెల్లో, అతని మనుషుల ఎదుట.

ఆ సాయంత్రమే ఉష చేత అతని వీడియోలన్నీ పెట్టించుకుని చూసింది. చేపల పని పక్కనపెట్టి మరీ చూసింది. రోజూ చూసింది. ఉషకు విసుగొచ్చి, "అత్తా, ఆ మొకం చూసి చూసి నాకు కలలోకి వస్తుండాడు" అంది.

"రానీ. వస్తే కాళ్ళు చూడు."

"కాళ్ళకేముంది?"

"బూట్లు. మన ఒడ్డున గానీ, ఇంకో ఒడ్డున గానీ, ఒక్కదాంట్లో ఒట్టి కాళ్ళతో లేడు. ఇసక తన షుగరు పోగొట్టిందంటాడు. పెట్టినప్పుడు చూపించాల గదా?"

మధుబాబుకు పెంచలయ్య కాలు పోయిన సంగతి తెలియదు. ఆ తర్వాత అతను ఫోను చేసింది లేదు. అతన్ని తీసుకొచ్చింది తానే కాబట్టి ముఖేష్ భయపడి చెప్పింది లేదు. ఈ ఏడాది మళ్ళీ ఎండలు ముదిరాక, ముఖేష్ కామమ్మ ఇంట్లో ఉండగా మధుబాబు దగ్గర నుంచి ఫోను వచ్చింది. ముఖేష్ కట్ చేయబోయాడు. కామమ్మ అడ్డుపడి, ఫోను ఎత్తి స్పీకరు నొక్కమని సైగ చేసింది.

"ముఖేష్! మన పెద్దాయన ఎలా ఉన్నాడు?"

ముఖేష్ అత్త వంక చూశాడు. ఆమె తల ఊపింది.

"బ్రమ్మాండంగా ఉండాడన్నా."

"చెప్పలా? ఆ వీడియో ఎంతమంది చూశారో తెలుసా? ఈసారి మీ ఒడ్డునే పెద్ద క్యాంపు పెడదాం. సంగం నుంచి, మనుబోలు నుంచి మనుషులు వస్తామంటున్నారు. లైవ్ పెడతా. పెద్దాయన ఉండాల."

కామమ్మ ఫోను దగ్గరికి వంగింది. "నేను అక్కను మాట్లాడుతుండా అబ్బయా. రా. గుంటలన్నీ నేనే తవ్విస్తా. నీ చేతులకు మట్టి కాకుండా చూసుకునే పూచీ నాది."

"అక్కా, మీలాంటి వాళ్ళుంటే చాలు!"

ఫోను పెట్టేశాక ముఖేష్ గోడకు జారగిలబడ్డాడు. "అత్తా, నన్ను ఏం చెయ్యబోతావు?"

"నిన్నా? నువ్వు ఆయన ఫోను పట్టుకుని నిలబడు. పోయినసారి నిలబడినట్టే. వణక్కుండా."

అయితే ఇది ఒక ఇంట్లో దాగే సంగతి కాదు. మధుబాబు వచ్చాక పాళెంలో ఏ ఒక్కరు నోరు జారినా బండి వెనక్కి తిప్పుకుని పోతాడు. అందుకని కామమ్మ కాపుల దగ్గరికి పోయింది. పట్టపు జాలర్ల పాళేల్లో ఊరి పెద్దలను కాపులంటారు. వాళ్ళు కట్టడి చేస్తే దాన్ని దురాయి వేయడం అంటారు. దురాయి పడితే ఆ మాట దాటినవాడి పడవను ఎవరూ నీళ్ళలోకి తోయరు, వాడి చేపను ఎవరూ ముట్టరు. స్టేషనుకు పోయే ముందు కాపుల దగ్గరికి పోవడమే వాళ్ళకు అలవాటు.

కాపులు పడవ నీడలో కూర్చుని ఉన్నారు. పెద్దకాపు వెంకయ్య ఆమె చెప్పింది విని గడ్డం గోక్కున్నాడు.

"దురాయి అంటే ఆటలా మే? వల తగాదాలకు ఏస్తాం, సరిహద్దుకు ఏస్తాం. ఫోను యవ్వారానికి ఏసేదా?"

"ఒడ్డు మనది గదా మామా. మన ఒడ్డు ఇసక పేరు చెప్పి జనాల కాళ్ళు తీయిస్తుండాడు. రేపు ఇంకో పాళెమోడు వచ్చి అడిగితే, మీ ఇసక కాళ్ళు తినేదంట గదా అంటే, ఏం చెప్తావు?"

ఒక కుర్ర కాపు నవ్వాడు. "పిన్నీ, కొట్టి పంపిద్దాం. దానికి ఇంత కత ఎందుకు?"

"కొడితే ఆయన కొట్టిచ్చుకున్న వీడియో పెడతాడు. జనం అయ్యో అంటారు. నాకు ఆయన దెబ్బలొద్దు. ఆయన నోటితో ఆయనే అరవాల."

వెంకయ్య తన ఇంటి వైపు చూశాడు. అతని వదిన కూడా ఏదో ఫోనులో చూసి బి.పి. మాత్రలు పారేసి, మూతి పక్కకు పోయి మంచాన ఉంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు.

"రెండు మాటలు," అన్నాడు చివరికి. "ఒకటి, వాడి ఒంటి మీద ఎవరి చెయ్యీ పడకూడదు. నీదీ పడకూడదు. రెండు, వచ్చిన రోగుల్లో ఒక్కరికి కూడా చర్మం కమలకూడదు. అది నీ పూచీ."

"ఒప్పుకున్నా."

"అట్టయితే వాడు ఇసకలో కాళ్ళు పెట్టిందాకా పెంచలయ్య కాలు సంగతి ఊరి నోట్లో నుంచి బయట పడకూడదు. కామమ్మ పని మధ్యలో ఎవరూ ఆపకూడదు. ఇది దురాయి."

"మైకులో చెప్పిద్దామా?" అన్నాడు కుర్ర కాపు అలవాటు కొద్దీ.

"చెప్పించు. నెల్లూరు దాకా ఇనపడతది. తెలివి తెల్లారినట్టే ఉండాది నీది."

ఇంటింటికీ తిరిగి చెవిలో చెప్పి వచ్చారు.

క్యాంపు నాడు కామమ్మ పొద్దున్నే ఆడవాళ్ళను వెంటేసుకుని ఒడ్డుకు పోయింది. పని ఆమె చెప్పినట్టు జరిగింది. రోగుల కోసం తవ్విన గుంటలన్నీ లోతుగా, మూర కిందికి, చెమ్మ ఇసుక తగిలేదాకా తవ్వించింది. ఆ చెమ్మ ఇసుకనే పక్కన కుప్పవేసి, దాని మీద తడి గోనెపట్టాలు కప్పించింది. కాళ్ళ మీద కప్పేది అదే. పైన తాటాకు పందిరి వేయించింది. ఒక్క గుంట మాత్రం పందిరి బయట, తానే తవ్వింది. అది లోతు లేదు. నిరుడు పెంచలయ్యకు ఎంత తవ్విందో అంత. దాని పక్కన చేట పెట్టింది. ఏ కుప్పా వేయలేదు. పై ఇసుక ఎటు చూసినా ఉంది. బండి ఆగే చోటు నుంచి ఆ గుంట దాకా తడి గోనెలు దారిగా పరిపించింది. ఆడవాళ్ళ చేత బిందెలతో సముద్రపు నీళ్ళు తెప్పించి వరసగా పెట్టించింది.

మధుబాబు వ్యానులో వచ్చాడు. వెనక సంగం నుంచి, మనుబోలు నుంచి కాళ్ళు వాచినవాళ్ళు, తిమ్మిరి ఉన్నవాళ్ళు ఆటోల్లో దిగారు. గుంటల వరస, పందిరి, గోనెల దారి చూసి మధుబాబు మురిసిపోయాడు.

"అక్కా, పెళ్ళి పందిరి మాదిరి చేశారే! పెద్దాయన ఏడీ?"

"మధ్యలో వస్తాడు అబ్బయా. ఆయన నడిచొచ్చేది లైవ్‌లో చూపిస్తే బాగుంటదని వలల పాకలో కూర్చోబెట్టినాం."

"అబ్బా! మీరు నా పక్కన పనిచెయ్యాల్సిన వాళ్ళక్కా."

పొద్దు నడినెత్తికి వచ్చింది. ముఖేష్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. లైవ్ మొదలైంది. మధుబాబు మాట్లాడుతూ వరసగా రోగులను చూపించాడు. అందరి కాళ్ళూ అప్పటికే చెమ్మ ఇసుకలో ఉన్నాయి; చెయ్యి పెట్టి చూడలేదు కాబట్టి ఆ సంగతి అతనికి తెలియదు. సంగం నుంచి వచ్చిన విజయకుమారి అనే రైతమ్మ దగ్గర ఆగాడు.

"ఎలా ఉందమ్మా?"

"హాయిగా ఉండాది సార్. చల్లగా ఉండాది."

మధుబాబు నవ్వాడు. "చల్లగా కాదమ్మా, వెచ్చగా! అలవాటైపోయి చల్లగా అనిపిస్తుంది. అదే ఈ ఇసుక గొప్పతనం."

కామమ్మ చేతులు జోడించి ఫోను ముందుకు వచ్చింది. నిరుటి వీడియోలో చేట పట్టిన ఆవిడ అని చూసేవాళ్ళు గుర్తుపట్టారు. తెర మీద పలకరింపులు వరసగా వచ్చాయి.

"మా అబ్బయి అందరి కాళ్ళు చూసుకుంటాడు. తన కాళ్ళు చూసుకోడు," అంది. "తనకూ షుగరు ఉండి ఈ ఇసకతోనే పోయిందంట. ఇంతమంది వచ్చినారు. ఆయన కూడా ఒక్కసారి కూర్చుంటే ఈళ్ళకు ధైర్యం. ఆయనకని విడిగా గుంట తవ్వి పెట్టినా."

"ఇంకోసారి అక్కా, ఇప్పుడు టైమ్..."

"అన్నా, జనం అడుగుతుండారు," అన్నాడు ముఖేష్. అత్త చెప్పినట్టే ఫోను కదలకుండా పట్టుకున్నాడు. తెర మీద ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. కూర్చోండి గురువు గారూ. మీ కాళ్ళతో చూపించండి గురువు గారూ. మేమూ ఇంట్లో ఇసుక తెచ్చుకుని సిద్ధంగా ఉన్నాం గురువు గారూ.

మధుబాబు పందిరి కింద హాయిగా కూర్చున్నవాళ్ళను చూశాడు. చల్లగా ఉందన్న రైతమ్మను చూశాడు. పీట మీద కూర్చుని బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు. ఎండ ఎరగని తెల్లటి పాదాలు. తడి గోనె మీద ఆనించి, "చూశారా, ఏమీ లేదు" అని ఫోనుకు చూపించి గుంటలో పెట్టాడు.

కామమ్మ పై ఇసుక చేటకెత్తి పోసింది. ఒకటి. ఇంకొకటి. మెల్లగా, చేపకు ఉప్పు వేసినట్టు ఎక్కడా సందు లేకుండా పోసింది.

మధుబాబు ముఖంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం మారాయి. "అక్కా, చాలు. అక్కా!"

"కాలాల అబ్బయా. కాలకపోతే లాగదు."

అతను కేక పెట్టి కాళ్ళు పీక్కున్నాడు. లేచి గోనె కోసం చూశాడు. గోనెలు లేవు. ఆడవాళ్ళు ఎప్పుడో చుట్ట చుట్టుకుని పక్కన పెట్టారు. ఒక కాలు ఎత్తితే ఇంకో కాలు కాలుతోంది. పిల్లలు నవ్వారు, పెద్దలు నవ్వలేదు.

"నీళ్ళు! నీళ్ళు పొయ్యండి! ముఖేష్, లైవ్ ఆపు!"

"దురాయి అన్నా," అన్నాడు ముఖేష్. "నేను ఆపలేను."

మధుబాబు పీట మీదికెక్కి కూర్చుని కాళ్ళు గాల్లో పెట్టుకున్నాడు. అరికాళ్ళు ఎర్రగా కమిలాయి. అప్పుడు వలల పాకలో నుంచి పెంచలయ్య వచ్చాడు. రెండు చంకల్లో కర్రలు, పంచె ఎడమ వైపు మడిచి కట్టి ఉంది. ఇసుకలో కర్ర దిగబడుతుంటే లాక్కుంటూ వచ్చాడు. ముఖేష్ ఫోను అటు తిప్పి, వచ్చిందాకా అలాగే ఉంచాడు.

"ఎట్టుండాది అబ్బయా?" అన్నాడు పెంచలయ్య. "నరాలు లేస్తున్నట్టుండాదా?"

మధుబాబు ఆ మడిచిన పంచె వంక చూశాడు. పీట మీద వెనక్కి జరిగాడు.

కామమ్మ చేట కింద పడేసి ఎదురుగా చతికిలబడింది.

"నువ్వు పీక్కున్నావు. నీకు తెలిసింది కాబట్టి పీక్కున్నావు. మా ఆయనకు తెలవదు. తెలవని మనిషి కాళ్ళ మీద నా చేత పోయించినావు. ఆయన నడిచిన నాలుగు బారలు ఏడాది పొడుగూతా ఊరూరా నడిపించినావు. ఇప్పుడు నీళ్ళు కావాలంటే ఫోను చూసి చెప్పు. నీకు ఎప్పుడన్నా షుగరు వచ్చిందా?"

"అక్కా, కాళ్ళు..."

"చెప్పు."

"రాలేదు."

"ఈ ఇసకలో ఇంతకు ముందు ఎప్పుడన్నా కాలు పెట్టినావా?"

"లేదు." అతను ఏడుస్తున్నాడు.

"మాత్రలు ఆపమని నీకు ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదక్కా. నేనే... అట్లా చెబితే జనం ఎక్కువ చూస్తారని."

 పందిరి కింద కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు బయటికి తీసుకుని, తిప్పి చూసుకుంటున్నారు.

"నీళ్ళు పొయ్యవే ఇంక," అన్నాడు పెంచలయ్య మెల్లగా.

కామమ్మ కదల్లేదు. బిందెల దగ్గరున్న ఆడవాళ్ళు కూడా ఆమెనే చూస్తూ నిలబడ్డారు. చివరికి సంగం విజయకుమారి వాచిన కాళ్ళతో లేచి, బిందె ఎత్తలేక ఈడ్చుకొచ్చి, మధుబాబు పాదాల మీద నీళ్ళు పోసింది. పోస్తూనే, "నిన్న పొద్దున్నుంచి నేను మాత్ర ఏసుకోలేదురా, పాపిష్టోడా" అంది. కామమ్మ ఆమెను ఆపలేదు. సాయమూ చేయలేదు. వెంకయ్య కాపు ఆ రైతమ్మను, ఆమెతో వచ్చినవాళ్ళను ఆటోల్లో ఎక్కించి, నేరుగా ఆసుపత్రికే పోయి మాత్రల సంగతి అడిగి మరీ ఇళ్ళకు పొమ్మని పంపాడు.

మధుబాబు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేస్తే ఆ లైవ్ మళ్ళీ అందరూ చూడాల్సి వస్తుంది. పాత వీడియో తీసేశాడు, చానెల్ కూడా మూసేశాడు. కానీ పెంచలయ్య నడక ఎవరెవరి ఫోన్లలోనో అప్పటికే ఉంది. ఇప్పటికీ ఎక్కడో ఒక చోట నుంచి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కామమ్మ ఉష చేత దాని కిందే మధుబాబు గంతులేసిన వీడియో పెట్టిస్తుంది. బజారులో చేప కొనేవాళ్ళకు కూడా ముందు అది చూపించి, తర్వాతే త్రాసు ఎత్తుతుంది. చూడనంటే చేప ఇవ్వదు. ఆనాటి నెత్తళ్ళావిడ మళ్ళీ వచ్చి, చూసి, తల వంచుకుని, "మా అత్తకు చేయించలేదులే" అంది.

"నా మాట ఇని కాదు గదా," అని కామమ్మ ఆమెకు కొసరు వేయకుండా కట్టి ఇచ్చింది.

కాపులు ఇంక చాలన్నారు. పెంచలయ్య కూడా చాలన్నాడు. ఇంటి ముందు కూర్చుని వల కన్నులు అల్లుతూ, "వాడి అంతు తేలిపోయింది గదా మే. ఇంక వదిలెయ్యి" అన్నాడు.

"నీ కాలు మొలిస్తే వదిలేస్తా."

ఆ మాట అన్న కొన్నాళ్ళకు ఉష ఫోను పట్టుకుని చేపల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కొత్త చానెల్, కొత్త పేరు. గడ్డం తీసేశాడు, కళ్ళజోడు పెట్టాడు. గొంతు మాత్రం అదే మెత్తటి గొంతు. కంట్లో పొర వచ్చినవాళ్ళు ఆపరేషన్ చేయించుకోవద్దని, ఏదో ఆకు పసరు కంట్లో పోసుకుంటే పొర దానంతట అదే కరిగిపోతుందని చెబుతున్నాడు. పక్కన ఒక ముసలమ్మ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది.

కామమ్మ ఉప్పు చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను దగ్గరికి తీసుకుంది. పసరు సంగతి వినలేదు. ముసలమ్మను చూసింది. వెనక గోడను, రోడ్డును, పోతున్న లారీలను చూసింది. ముఖేష్‌ను పిలిపించింది.

"ఇది యాడరా?"

ముఖేష్ చూశాడు. "హైవే పక్క మాదిరుండాది అత్తా. మనుబోలు కావచ్చు. ఆ టీకొట్టు నాకు తెలుసు."

"రేపు పొద్దున్నే ఆటో తియ్యి."

"అక్కడ మన కాపులుండరు అత్తా. దురాయి ఉండదు. ఏం చేస్తావు?"

కామమ్మ వల మీద చేపలు తిప్పడం మొదలుపెట్టింది. "అక్కడోళ్ళకు చెప్తా. ఆ ముసలమ్మ కంట్లో పోసే ముందు, వాడి కంట్లో వాడు ఎన్ని చుక్కలు పోసుకుంటాడో చూద్దాం రమ్మంటా. ఫోను నిండా చార్జింగు పెట్టుకో."